పంపు ఆపితే నేల ఆగుతుందా?

(జియోథర్మల్ ప్రాజెక్టులు, అంటే భూమి లోపలి వేడిని వాడుకునేవి, వాటివల్ల వచ్చే భూకంపాలపై నిఘా గురించి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే, వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ప్రసంగం సంగతి విని కొందరు "ఈయన ఇవన్నీ మూసేయమంటాడు" అనుకుని వచ్చి ఉంటారు. ఇంకొందరు "అబ్బే, భయపడాల్సిందేం లేదంటాడు" అనుకుని వచ్చి ఉంటారు. ఇద్దరికీ కాస్త నిరాశ తప్పదు. భూమి లోపలి వేడి మంచి వనరు. పగలూ రాత్రీ ఉంటుంది, పొగ దాదాపు ఉండదు. నాకు దానితో పేచీ లేదు. నా పేచీ అంతా "మా దగ్గర మానిటరింగ్ ఉంది కదండీ" అనే మాటతో. ఉంది సరే. ఉంటే ఏం చేస్తున్నారు? ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

మొదట పని ఎలా జరుగుతుందో చూద్దాం. నేలలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. మామూలు చోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. అంటే ఐదు కిలోమీటర్లు దిగితే రాయి 150 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఐస్‌లాండ్ లాంటి చోట లోపలే వేడినీళ్లుంటాయి, బోరు వేస్తే ఆవిరి వస్తుంది. అది అదృష్టం. ప్రపంచంలో చాలా చోట్లకు ఆ అదృష్టం లేదు. వేడి ఉంది, రాయి ఉంది, నీళ్లు లేవు. పోనీ పైనుంచి మనమే పోద్దామంటే, అంత లోతున గ్రానైట్ నీళ్లను పోనివ్వదు. అందుకని ఏం చేస్తారు? ఒక బోరు వేసి, బాగా ఒత్తిడితో నీళ్లు ఎక్కిస్తారు. రాతిలో ఎప్పటినుంచో ఉన్న సన్నని చీలికలు ఆ ఒత్తిడికి కొంచెం జరుగుతాయి. జరిగాక మళ్లీ పాతచోట సరిగ్గా అతుక్కోవు, గరుకు అంచుల మధ్య సందు మిగులుతుంది. ఆ సందుల్లోంచి నీళ్లు పోతాయి, వేడెక్కి రెండో బోరులోంచి పైకి వస్తాయి.

ఇప్పుడు చెప్పండి, రాతి చీలిక జరగడం అంటే ఏమిటి? భూకంపమే కదా! చిన్నదా పెద్దదా అన్నదే తేడా. కాబట్టి "మా ప్రాజెక్టులో ఒక్క ప్రకంపన కూడా రాదు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. రాకపోతే వాళ్ల పని జరగనట్టే. చిన్న ప్రకంపనలు ఈ పనిలో పొరపాటు కాదు, అవే పని. చిక్కల్లా ఎక్కడ ఆగుతాయన్నదే.

నీళ్లు పోస్తే రాయి ఎందుకు జరగాలి? చాలామంది నీళ్లు నూనెలా జారుడు పుట్టిస్తాయనుకుంటారు. అది కాదు. భ్రంశం అంటే నేల లోపలి పెద్ద చీలిక, దానికి అటూ ఇటూ రెండు రాతి ముఖాలు. పైనున్న కొండల బరువు, పక్కల నుంచి వచ్చే ఒత్తిడి, ఇవి ఆ రెంటినీ గట్టిగా అదిమి పట్టుకుంటాయి. అలా అదిమి ఉండబట్టే రాపిడి ఉంది, రాపిడి ఉండబట్టే జారకుండా ఉన్నాయి. మధ్యలోకి ఒత్తిడితో నీళ్లు చేరితే అవి రెండు ముఖాల్నీ విడదీసే వైపు నెడతాయి. ఆ పట్టు సడలుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న భ్రంశమైతే జారుతుంది. హబ్బర్ట్, రూబీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లోనే ఈ లెక్క రాసిపెట్టారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. నీళ్లు కొత్త శక్తిని పెద్దగా తెచ్చిపెట్టడం లేదు. భ్రంశంలో వేల ఏళ్లుగా పోగుపడిన శక్తి అక్కడే ఉంది. నీళ్లు దాని గడియ తీస్తాయి, అంతే. ఈ ముక్క గుర్తుంచుకోండి, పోహాంగ్ అనే కొరియా నగరం సంగతి చెప్పేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇదంతా కాగితం మీద లెక్కేనా? కాదు. అమెరికాలో డెన్వర్ పక్కన, రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అని సైన్యం రసాయన ఆయుధాలు తయారుచేసిన చోటు. అక్కడి విషపు వ్యర్థజలాలను వదిలించుకోవడానికి మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న బోరు తవ్వి 1962లో పంపడం మొదలుపెట్టారు. కొద్ది వారాల్లోనే నేల కదలడం మొదలైంది. డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త నెలనెలా ఎన్ని నీళ్లు పంపారో ఒక పక్క, ఎన్ని ప్రకంపనలు వచ్చాయో ఇంకో పక్క గీసి చూపించాడు. రెండూ కలిసి లేస్తున్నాయి, కలిసి పడుతున్నాయి. 1966 ఫిబ్రవరిలో పంపడం ఆపేశారు. కథ అయిపోయిందా? లేదండీ. అన్నిటికన్నా పెద్ద భూకంపాలు 1967లో వచ్చాయి, 5కు అటూ ఇటూ తీవ్రతతో. పంపు ఆపిన ఏడాది తర్వాత!

ఆ తర్వాత రేంజ్లీ అనే చమురు క్షేత్రంలో, కొలరాడోలోనే, అమెరికా భూగర్భ సర్వే వాళ్లు ఏకంగా ప్రయోగమే చేశారు. 1969 నుంచి 1973 దాకా. నీళ్లు ఎక్కించారు, ప్రకంపనలు పెరిగాయి. నీళ్లు తోడేశారు, తగ్గాయి. మళ్లీ ఎక్కించారు, మళ్లీ పెరిగాయి. ఒత్తిడి ఏ మట్టం దాటితే రాయి జారుతుందో ముందే లెక్కగట్టారు, దాదాపు అక్కడే జారింది. కుళాయి తిప్పినట్టు భూకంపాల్ని అదుపు చేయొచ్చన్న ధీమా అక్కడి నుంచి వచ్చింది. డెన్వర్ ఒకటి చెప్పింది, రేంజ్లీ ఇంకొకటి చెప్పింది. మనుషులు సహజంగానే నచ్చిన పాఠాన్ని పట్టుకున్నారు.

ఇక అసలు నగరాల దగ్గరికి వద్దాం. స్విట్జర్లాండ్‌లో బాసెల్. 1356లో పెద్ద భూకంపం వచ్చి నాశనమైన ఊరు, అది అక్కడ పిల్లలకు కూడా తెలిసిన చరిత్ర. సరిగ్గా ఆ ఊళ్లోనే ఐదు కిలోమీటర్ల లోతు బోరు వేశారు. వేడిని ఇళ్లకు ఇవ్వాలంటే ఇళ్ల దగ్గరే తవ్వాలి, అందుకని. 2006 డిసెంబర్ 2న నీళ్లు ఎక్కించడం మొదలైంది. ఆరు రోజుల్లో దాదాపు 11,500 ఘనపు మీటర్లు.

అక్కడ నిఘా లేదా? బ్రహ్మాండంగా ఉంది. ట్రాఫిక్ లైట్ పద్ధతి అంటారు దాన్ని. ఎల్ సాల్వడార్‌లో ఒక జియోథర్మల్ క్షేత్రం కోసం మొదట తయారుచేశారు. ప్రకంపనలు ఇంతలోపు ఉంటే ఆకుపచ్చ, పని సాగించొచ్చు. ఇంత దాటితే పసుపు, పంపు తగ్గించాలి. ఇంకా దాటితే ఎరుపు, ఆపేసి బోరులో ఒత్తిడి వదిలేయాలి. చక్కగా ఉంది కదా? డిసెంబర్ 8 తెల్లవారుజామున 2.6 వచ్చింది. నియమం ప్రకారమే పంపు తగ్గించారు, తర్వాత ఆపేశారు. ఆ సాయంత్రం 3.4 వచ్చింది. పెద్ద శబ్దంతో ఊరంతా ఉలిక్కిపడింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు కానీ గోడలకు పగుళ్లు, ప్లాస్టర్ రాలడం, వేల ఫిర్యాదులు, బీమా కింద సుమారు 70 లక్షల స్విస్ ఫ్రాంకులు. తర్వాత రెండు నెలల్లో 3 దాటినవి మరో మూడు వచ్చాయి. 2009లో ప్రాజెక్టు రద్దయింది.

చూడండి, ఇక్కడ నియమం ఎవరూ తప్పలేదు. పసుపు వెలిగింది, తగ్గించారు. ఆపమంటే ఆపారు. మరి తప్పెక్కడ? పంపు ఆపితే లోపల ఒత్తిడి వెంటనే పోదు. బోరు చుట్టూ పోగైన ఒత్తిడి రాతిలోని సందుల గుండా బయటికి పాకుతూనే ఉంటుంది. బోరు దగ్గర తగ్గుతుంటే, అప్పటిదాకా నీళ్లు సోకని దూరపు భ్రంశం దగ్గర పెరుగుతుంటుంది. నిండా సరుకున్న లారీకి బ్రేక్ వేస్తే వేసినచోటే ఆగుతుందా? ఆగదని తెలుసు కాబట్టే డ్రైవరు ముందే బ్రేక్ మీద కాలు పెడతాడు. కానీ చాలా ప్రాజెక్టుల్లో ఎర్రలైటు ఎక్కడ పెట్టారు? ఏ తీవ్రతకు జనం భరించలేరో సరిగ్గా దానికి కాస్త కింద. ఆగడానికి చోటు వదల్లేదు. నన్నడిగితే, భరించలేనిది 3 అనుకుంటే ఎరుపు 2 దగ్గర ఉండాలి, ఇంకా కిందే ఉంటే మంచిది. కంపెనీలకు ఇది నచ్చదు, నాకు తెలుసు.

ఇప్పుడు పోహాంగ్. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ రంగంలో అందరి నిద్ర చెడగొట్టిన కేసు ఇదే.

దక్షిణ కొరియా తూర్పు తీరాన ఉన్న నగరం. 2017 నవంబర్ 15 మధ్యాహ్నం 5.5 తీవ్రతతో భూకంపం. పదుల మంది గాయపడ్డారు, పదిహేను వందల మందికి పైగా ఇళ్లు వదిలి శిబిరాలకు వెళ్లారు. మర్నాడు దేశమంతటా కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంది. ఆ పరీక్ష రోజున కొరియాలో విమానాలు కూడా కాసేపు ఆపేస్తారు, అంత పట్టింపు వాళ్లకి. అలాంటి పరీక్షను వారం వాయిదా వేశారు. భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఏముంది? జియోథర్మల్ బోర్లు రెండు, ఒక్కోటి నాలుగు కిలోమీటర్లకు పైగా లోతు. 2019 మార్చిలో ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం తేల్చింది: రెండో బోరులోకి ఎక్కించిన నీళ్లే ఈ భ్రంశాన్ని కదిలించాయి అని.

ఎన్ని నీళ్లనుకుంటున్నారు? ఎక్కించినవి 13,000 ఘనపు మీటర్ల లోపే. అందులో సగం దాకా తిరిగి పైకి వచ్చేశాయి. బాసెల్‌తో పోలిస్తే పెద్ద ఎక్కువేం కాదు. అప్పటిదాకా ఈ రంగంలో ఒక లెక్క నడిచేది, ఎక్కించిన నీళ్ల పరిమాణాన్ని బట్టి గరిష్ఠ తీవ్రత ఇంతకు మించదు అని. ఆ లెక్క ప్రకారం పోహాంగ్‌లో 4 కూడా దాటకూడదు. 5.5 వచ్చింది. ఎందుకు దాటింది? ఇందాకటి గడియ మాట గుర్తు తెచ్చుకోండి. ఆ లెక్క మనం పంపిన నీళ్లని కొలిచింది. భ్రంశంలో అప్పటికే ఉన్న శక్తిని కొలవలేదు.

సరే, ముందు తెలిసే అవకాశం ఉందా? ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. ఉంది, ఒకటికి రెండు సార్లు.

మొదటిది తవ్వేటప్పుడే. బోరు తవ్వేటప్పుడు లోపల మట్టి ద్రావణం తిప్పుతుంటారు, డ్రిల్లింగ్ మడ్ అంటారు. కింద ఎంత పోస్తే పైకి అంత రావాలి. రెండో బోరులో సుమారు 3,800 మీటర్ల దగ్గర ఆ మడ్ పెద్దఎత్తున లోపలే పోయింది. పైకి వచ్చిన రాతి తునకల్లో నలిగిపోయిన మెత్తటి పొడి లాంటి పదార్థం ఉంది. రెండు రాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటేనే అలాంటి పొడి పుడుతుంది. అంటే బోరు నేరుగా భ్రంశాన్ని చీల్చుకుంటూ వెళ్లిందన్నమాట! తవ్వేవాళ్లు మడ్ పోవడాన్ని తవ్వకం ఇబ్బందిగానే చూశారు. భూకంపాల లెక్క చూసేవాళ్ల బల్ల మీదకు ఆ సమాచారం భూకంపపు సమాచారంగా చేరలేదు.

రెండోది 2017 ఏప్రిల్ 15. రెండో బోరులోకి నీళ్లు ఎక్కించిన విడత ముగిశాక 3.2 తీవ్రతతో ప్రకంపన. అప్పటిదాకా వచ్చినవాటిలో అదే పెద్దది. అక్కడ ఆగి, లోపల ఏం జరుగుతోందో లోతుగా పరిశీలించాల్సింది. ఆగస్టులో మళ్లీ పంపులు వేశారు. సెప్టెంబర్ 18న చివరి విడత ముగిసింది. దాదాపు రెండు నెలల తర్వాత, పంపులన్నీ ఆగి ఉండగా, 5.5. ఏప్రిల్ నాటిదానికీ దీనికీ మధ్య శక్తిలో తేడా దాదాపు 3,000 రెట్లు. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి 32 రెట్లవుతుంది, అందుకని.

తర్వాత నిపుణులు చేసింది ఏమిటో చెప్తాను, ఇది చాలా ముఖ్యం. పాత రికార్డుల్నే తీసుకున్నారు. ప్రతి చిన్న ప్రకంపన ఎక్కడ పుట్టిందో మళ్లీ జాగ్రత్తగా లెక్కగట్టి, ఒక్కోదానికి ఒక్కో చుక్క పెట్టారు. రెండో బోరు వల్ల వచ్చిన చుక్కలన్నీ మూడు కొలతల్లో పెట్టి తిప్పి చూస్తే, మబ్బులా చెల్లాచెదురుగా లేవు. ఒకే పలక మీద వరసగా పరుచుకుని ఉన్నాయి, పక్కనుంచి చూస్తే గీతలా. ఆ పలకే నవంబర్‌లో జారింది.

అర్థమైందా? ట్రాఫిక్ లైటు "ఎంత పెద్దది?" అని మాత్రమే అడుగుతుంది. మనం అడగాల్సింది "ఎక్కడ? ఏ ఆకారంలో?" అని. చుక్కలు బోరు చుట్టూ గుండ్రంగా పాకుతుంటే ఒక రకం. గీత కడుతున్నాయంటే లోపల పెద్ద భ్రంశం ఉంది, నీళ్లు దాన్ని కనిపెట్టాయి. అప్పుడు తీవ్రత 1 దగ్గరే ఉన్నా నాకు టెన్షనే.

చుక్కలు సరైన చోట పెట్టడం తేలిక కాదండీ. ప్రకంపన నుంచి రెండు రకాల తరంగాలు వస్తాయి. పీ తరంగం ముందు, ఎస్ తరంగం వెనక. రెంటి మధ్య వ్యవధిని బట్టి దూరం. కొన్ని స్టేషన్ల దూరాలు కలిపితే చోటు తెలుస్తుంది. కానీ రాతిలో తరంగం ఎంత వేగంతో పోతుందో తప్పుగా అనుకుంటే చుక్క రెండు మూడు వందల మీటర్లు పక్కకు పడుతుంది. అంత తేడా చాలు, గీత కాస్తా మబ్బైపోవడానికి. పైగా మనకు కావలసినవి చిన్నచిన్నవి. సున్నా తీవ్రత కన్నా చిన్నవి కూడా ఉంటాయి, మైనస్ ఒకటి, మైనస్ ఒకటిన్నర. నవ్వకండి, నిజంగానే. ఆ స్కేలులో సున్నా అంటే ఏమీ లేదని కాదు, అప్పట్లో ఎంచుకున్న ఒక మట్టం అంతే. అంత చిన్నవి నగరం మధ్యలో ఎలా వినపడతాయి? లారీలు, రైళ్లు, ఫ్యాక్టరీలు, అన్నీ నేలను ఊపుతూనే ఉంటాయి. అందుకే సెన్సార్లను కూడా బోర్లలో లోతుగా దించాలి. ఇంకోటి, నీళ్లు ఎక్కించడానికి ఎన్నో నెలల ముందే వాటిని ఆన్ చేయాలి. ఆ నేల మామూలుగా ఎలా ఉంటుందో తెలియకపోతే, తర్వాత వచ్చింది మీ వల్లో కాదో దేన్ని చూసి చెప్తారు?

ఇదంతా సరిగ్గా చేసినవాళ్లున్నారా అని మీరు అడగొచ్చు. ఉన్నారు. ఫిన్లాండ్‌లో, హెల్సింకిని ఆనుకుని ఉన్న ఎస్పో. 6.1 కిలోమీటర్ల లోతు బోరు. 2018 వేసవిలో 49 రోజులపాటు 18,000 ఘనపు మీటర్లకు పైగా ఎక్కించారు. పోహాంగ్ కన్నా ఎక్కువ నీళ్లు! అధికారులు పెట్టిన హద్దు 2.1. వచ్చిన పెద్దది 1.9. అక్కడ రెండు కిలోమీటర్లకు పైగా లోతులో 12 సెన్సార్లు వరసగా దించారు, చుట్టూ మరో 12 చోట్ల బోర్లలో పెట్టారు. ప్రకంపన వచ్చిన నిమిషాల్లోనే దాని చోటు, సైజు లెక్కగట్టి పంపు దగ్గరున్నవాళ్లకు చేరవేశారు. ప్రకంపనల శక్తి పెరిగే తీరు మారితే పంపు తగ్గించారు, విరామాలు పొడిగించారు. ఎర్రలైటు కోసం ఎదురుచూడలేదు.

అయితే ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఎస్పోలో రాతి స్వభావం కలిసొచ్చింది, నీళ్లు తగిలినచోట పెద్ద భ్రంశం సిద్ధంగా కూర్చుని లేదు. అదే ఓపికతో, అవే పరికరాలతో పోహాంగ్‌లో పంపి ఉంటే 5.5 వచ్చేది కాదా? నేను గ్యారంటీ ఇవ్వను. ఏప్రిల్‌లోనే ఆగి ఉండేవాళ్లని మాత్రం గట్టిగా అనుకుంటాను. ఇంకో సంగతి, కొసమెరుపు అనండి: భూకంపాల పరంగా అంత బాగా నడిచిన ఎస్పో ప్రాజెక్టు, రెండు బోర్ల మధ్య నీళ్లు చాలినంత పారక వ్యాపారంగా నిలబడలేకపోయింది. రాయి మరీ తేలిగ్గా కదిలినా ఇబ్బందే, మరీ మొండిగా ఉన్నా ఇబ్బందే.

ఇప్పుడు కొత్త పద్ధతులు వస్తున్నాయి. అమెరికాలో ఊటా రాష్ట్రంలో ఫోర్జ్ అనే ప్రభుత్వ ప్రయోగశాల ఉంది. బోరు మొత్తంలోకి ఒకేసారి నీళ్లు తోయకుండా, ముక్కలు ముక్కలుగా మూసి, ఒక్కో ముక్కలోకి కొంచెం కొంచెం ఎక్కిస్తారు. బోరులోనే ఫైబర్ కేబుల్ దించి, ఆ తీగ పొడుగునా ప్రతి చోటునీ సెన్సార్‌గా వాడుకుంటారు. పైగా అది నగరాలకు దూరంగా ఉంది. మంచి దారే. కానీ కేబుల్ ఎంత పొడుగున్నా, దాంట్లోంచి వచ్చింది చూసే మనిషికి వాల్వు మీద అధికారం లేకపోతే ఏం లాభం?

ఇక్కడే నా అసలు పేచీ. రాత్రి రెండు గంటలకు తెర మీద చుక్కలు గీత కట్టడం మొదలైంది. డ్యూటీలో ఉన్నది ఒక జూనియర్ సీస్మాలజిస్టు, అంటే భూకంపాల లెక్క చూసే అమ్మాయి. పంపు ఒక్కరోజు ఆపితే కంపెనీకి బోలెడు ఖర్చు. ఆపమని ఆ అమ్మాయి చెప్పగలదా? చెప్తే వింటారా? లేక "పొద్దున మీటింగ్‌లో మాట్లాడదాం" అంటారా? ఇది ఫిజిక్స్ ప్రశ్న కాదు. కానీ పోహాంగ్‌లో తేలని ప్రశ్న ఇదే. మడ్ పోయిందని ఒకరికి తెలుసు, 3.2 వచ్చిందని అందరికీ తెలుసు, రెండూ కలిపి చూసి "చాలు" అనాల్సిన పని ఎవరిదో ఎవరికీ తెలియదు. నా మాటైతే, పంపు ఆపే అధికారం కంపెనీ జీతం తీసుకోని మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి ఎవరో మొదటి చుక్క నీళ్లు ఎక్కించకముందే కాగితం మీద రాసి ఉండాలి. లెక్కలు కూడా అందరికీ తెరిచి ఉంచాలి, ఊళ్లో ఉన్న ఏ కాలేజీ కుర్రాడైనా ఆ చుక్కల్ని గీసి చూసుకునేలా.

చివరగా బాసెల్ బోరు సంగతి ఒకటి మిగిలింది. 2009లో ప్రాజెక్టు రద్దయిందన్నాను కదా, బోరు మాత్రం అక్కడే ఉంది. 2011లో దాన్ని మూసేశారు. మూసేశాక లోపల ఒత్తిడి నెమ్మదిగా పెరిగింది. కొన్నేళ్లకు చిన్నచిన్న ప్రకంపనలు మళ్లీ ఎక్కువయ్యాయి. చూస్తున్నవాళ్లు ఉన్నారు కాబట్టి గమనించారు. 2017లో బోరు మళ్లీ తెరిచి ఒత్తిడి వదిలారు. ఎప్పుడు? నీళ్లు ఎక్కించిన దాదాపు పదకొండేళ్లకు! కంపెనీ పని ఎప్పుడో అయిపోయింది, సెన్సార్లు పనిచేస్తూనే ఉన్నాయి, కాబట్టే తెలిసింది.

అందుకే ఏ ప్రాజెక్టు అనుమతి పత్రం నా చేతికొచ్చినా నేను మొదట చివరి పేజీలే తిప్పుతాను. చివరి పంపు ఆగాక సెన్సార్లు ఎన్నేళ్లు నడుస్తాయి, ఆ డబ్బు ఎవరిస్తారు, కంపెనీ దివాలా తీస్తే ఎవరిస్తారు? చాలా పత్రాల్లో ఈ భాగం రెండు వాక్యాల్లో అయిపోతుంది. మీరూ చూడండి.

నా టైము కూడా అయిపోయింది. ప్రశ్నలు తీసుకుందాం. మూడో వరసలో ఎవరో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అటు ఇవ్వండి.